బానెట్ ఎత్తకుండా మా జిప్సీ జబ్బు కనిపెట్టిన షెడ్డు

మాది చింతపల్లి. కాఫీ, మిరియాల తోట. నాన్నగారు 2009లో కొన్న మారుతి జిప్సీయే ఇప్పటికీ మాకు రోజూ పనికొచ్చే బండి. వానాకాలంలో మా తోట దారి ఎక్కాలంటే అదొక్కటే దిక్కు. అలాంటిది పోయిన దసరా నాటికి లీటరుకు పదిన్నర కిలోమీటర్లు ఇచ్చేది ఏడున్నరకు పడిపోయింది. నోటి లెక్క కాదు, ట్యాంకు నిండా కొట్టించి, నడిపి, మళ్లీ నిండా కొట్టించి నాలుగుసార్లు చూశాను. పైగా లంబసింగి ఘాట్ దిగితే చాలు, గేర్ రాడ్ల దగ్గర కింద నుంచి సెగ, మాడిన ఆయిల్ వాసన.

మొదట చూపించిన చోట ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, ఆక్సిజన్ సెన్సర్ కొత్తది వేశారు. తొమ్మిది వేల చిల్లర అయింది. మైలేజీ కదల్లేదు. "పాత బండి కదండీ, ఇంతే ఇస్తుంది" అన్నారు. ఏప్రిల్ దాకా బాగానే ఇచ్చిన బండి అక్టోబరుకి ఎందుకు పడిపోయిందన్న దానికి అది జవాబు కాదు.

మా బావగారు చెబితే విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి వెళ్లాను. పేరు, నంబరు ఎక్కడా రాయొద్దని మేస్త్రీ గారే అన్నారు. ఉన్నది ఇద్దరే మనుషులు, బండ్లు ఇప్పటికే రోడ్డు దాకా నిలబడుతున్నాయి. పాత జీపులు, జిప్సీలు వరసగా కనిపిస్తే అదే.

ఆయన బానెట్ ఎత్తలేదు. "ఇంజన్ తరవాత చూద్దాం బాబూ, ముందు ఎక్కడ కాలుతోందో చూద్దాం" అని ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే, విడదీసే లాకులు) రెండూ ఫ్రీలోనే ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూసి, పక్కన కూర్చున్నారు. టూ హైలో, అంటే ఇంజన్ బలం వెనక చక్రాలకే వెళ్లేలా పెట్టి, లంకెలపాలెం దాకా వెళ్లి వచ్చాం. బ్రేకు వీలైనంత తక్కువ వాడమన్నారు, షెడ్డు ముందు కూడా దానంతట అదే ఆగనిమ్మన్నారు. ఆగగానే టెంపరేచర్ గన్ తీసి, ఒక్కోటీ చూసి నేల మీద సుద్దతో రాశారు. ముందు హబ్బులు 44, 46 డిగ్రీలు. వెనక ఎడమ బ్రేకు డ్రమ్ము 49. వెనక కుడి డ్రమ్ము 97. గేర్ బాక్స్ 68, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంపే గేర్ల పెట్టె) 74.

కుడి డ్రమ్ము సంగతి చూడగానే నాకే అర్థమైంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఎడమ చక్రం తేలిగ్గా తిరిగింది. కుడిది 'స్‌స్‌' మని రాసుకుంటూ అర చుట్టుకే ఆగింది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగులోకి బురద నీళ్లు దిగి తుప్పు పట్టింది. లివర్ దించినా లోపల కేబుల్ వెనక్కి రావడం లేదు. బ్రేకు లైనరు అద్దంలా నున్నగా అయిపోయింది, డ్రమ్ము లోపల నీలం మరక. అంటే వానాకాలమంతా బ్రేకు మీదే బండి నడిపాను.

ట్రాన్స్‌ఫర్ కేసు 74 మాత్రం ఆయన పట్టించుకోలేదు. జిప్సీలో టూ హై కూడా లోపలి గేర్ల మీదుగానే వెళ్తుంది, ఆ మాత్రం వేడి మామూలేనట. "ఊళ్లో ఎలా నడుపుతావో అలా నడుపు" అన్నారు. ఘాట్‌లో తారు తడిగా ఉంటే నేను హబ్బులు లాక్ చేసి ఫోర్ హైలోనే, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్లేలా పెట్టి, దిగేవాణ్ణి, పట్టు ఉంటుందని. అలాగే ఆరు కిలోమీటర్లు తిరిగి వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు 98.

అప్పుడు టైర్లు కొలిచారు. సుద్ద గీత పెట్టి పది చుట్లు దొర్లిస్తే, అరిగిన ముందు టైరు కొత్త వెనక టైరు కంటే జానెడున్నర తక్కువ దూరం వెళ్లింది. ఫోర్ హైలో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు కలిసే తిరగాలి, మధ్యలో తేడా సర్దే డిఫరెన్షియల్ ఈ బండికి లేదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ జానెడున్నర టైరుని అరగదీస్తుంది, గేర్లని బిగదీస్తుంది. బ్రేకుతో పాటు పెట్రోలు పోయింది అక్కడ కూడా.

ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ తీస్తే పాలెక్కువైన కాఫీ రంగులో వచ్చింది, సగం కూడా లేదు. ఆయన రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టి చూపించారు: వెండి రజనులాంటి మెరుపు, పక్కనే సన్నటి నీటి బొట్లు. కేసు లోపలికీ బయటికీ గాలి ఆడే బ్రీదర్ బురదతో మూసుకుపోయింది. వేడి మీదున్న కేసు వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడితే, గాలికి దారి లేక పాత సీలు పక్కనుంచి నీళ్లు లాక్కుంటుందట. ఏళ్ల తరబడి వాగులు దాటుతున్నాను, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

కేబుల్, లైనర్లు, సీళ్లు, గేర్ ఆయిల్, కూలి కలిపి 5,200. టైర్లు రెండు నేనే వేరేగా కొన్నాను. పాత కేబుల్, సీళ్లు సంచిలో వేసి ఇచ్చారు. ఇబ్బందులూ ఉన్నాయి: కూర్చోడానికి చోటు లేదు, ఫోన్ ఎత్తరు, బిల్లు కాగితం ముక్క మీద రాస్తారు. ఒక్క రోజు పని అన్నది రెండు రోజులైంది. దూరం నుంచి వచ్చేవాళ్లు రాత్రి ఉండే ఏర్పాటు చూసుకుని రండి.

తర్వాత మూడు ట్యాంకులు లెక్క వేశాను: 10.1, 10.4, 10.3. తడి తారు మీద ఇప్పుడు టూ హైలో, రెండో గేరులో మెల్లగా దిగుతున్నాను. అలాంటి గన్ ఒకటి నేనూ కొన్నాను. నిన్న ఘాట్ దిగి నర్సీపట్నంలో ఆపి చూస్తే ఎడమ డ్రమ్ము 66, కుడి 67.