నాన్న పాత మోటారుసైకిలు: మళ్లీ నడిపించాలా, అలాగే దాచుకోవాలా?

చిన్నప్పుడు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని, నాన్న చేతుల మధ్య నుంచి రోడ్డును చూస్తూ పెరిగినవారికి, ఆ బండి మూలపడి ఉన్నప్పుడు ఈ సందేహం తప్పకుండా ఎదురవుతుంది.

ఖర్చు: నడిపించాలంటే ఇంజను విప్పేదాకా అంచనా తేలదు. దాచడానికి శుభ్రత, కవరు, నీడ చాలు.

శ్రమ: ఏళ్ల తరబడి ఆగిన బండిలో పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరులో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలను (జెట్లను) మూసేస్తుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడి ఆయిలు కారుతుంది. వీటన్నిటినీ సరిచేయించాలి. దాచేవారు ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ తీసి, సెంటరు స్టాండు వేస్తే సరిపోతుంది.

ప్రమాదం: నడిపేటప్పుడు, 10 ఏళ్లు దాటిన టైర్లను, గాడులు లోతుగానే కనిపించినా, నమ్మరాదు. దాచి ఉంచితే, కదలని ఇంజను లోపల తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు.

జ్ఞాపకం: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బండి నడిస్తే ఆ శబ్దం, ట్యాంకు మీద అరచేతులకు తెలిసే ఆ అదురు తిరిగి వస్తాయి. అయితే కొత్త రంగు వేయిస్తే, చిన్న మోకాళ్లు రాసుకుని ట్యాంకు అంచున రంగు వెలిసిన చోటు శాశ్వతంగా పోతుంది. అందుకే నడిపించేవారు కూడా యంత్రాన్ని మాత్రమే బాగుచేయించి, పైరంగును ముట్టుకోకూడదని గట్టిగా చెబుతాను.

నాన్న ఇంకా నడపగలిగితే, లేదా కనీసం వెనుక కూర్చోగలిగితే, ఆలస్యం చేయకుండా బాగుచేయించడమే సరైనది. పాత బండ్లు తెలిసిన మెకానిక్ దొరకకపోతే, లేదా తరచుగా నడిపే తీరిక లేకపోతే, దాచుకోవడమే మేలు.