ఆల్ ఇన్ ద ఫ్యామిలీ ఫుల్ డీవీడీ సెట్ చవగ్గా వస్తోందని కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

జాగ్రత్త అండి, ముఖ్యంగా అమెరికాలో ఉండి పాత టీవీ షోల డీవీడీలు కొనేవాళ్ళు, ఇక్కడ్నుంచి చుట్టాల చేత ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు. ఆల్ ఇన్ ద ఫ్యామిలీ కంప్లీట్ సిరీస్, 9 సీజన్లు, ఒక్క సీను కూడా కట్ లేదు, ఏ దేశం ప్లేయర్లో అయినా ఆడుతుంది అని పెట్టి ఒరిజినల్ రేటులో సగం కూడా లేకుండా అమ్ముతున్నారు. నేను తెప్పించా. వచ్చినవి ఏదో ఛానల్లో మళ్ళీ వేసిన పాత ఎపిసోడ్లని (రీరన్లు అంటారు) రికార్డు చేసి ఖాళీ డిస్కుల్లోకి ఎక్కించినవి. డబ్బులు ఇంకా వెనక్కి రాలేదు. సెల్లర్ పేరు రాయట్లేదు, రాసినా పెద్ద ఉపయోగం లేదు, అదే ఫొటో అదే మ్యాటర్ వేరేవేరే షాపు పేర్ల మీద కనిపిస్తోంది, ఇవాళ ఒకటి మూస్తే రేపు ఇంకోటి తెరుస్తారు.

ఈ షో తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక మామూలు ఇల్లు, ఇంటి పెద్ద ఆర్చీ బంకర్, గోడౌన్లో పనిచేసే మనిషి, అప్పటి అధ్యక్షుడు నిక్సన్ అంటే ప్రాణం, తనలాంటివాళ్ళు తప్ప నల్లవాళ్ళు యూదులు బయటి దేశాలవాళ్ళు ఎవరూ పనికిరారు ఆయన లెక్కలో. అదే ఇంట్లో ఆయన తిండే తింటూ కాలేజీలో చదువుకునే అల్లుడు మైక్, పూర్తిగా వామపక్షం, వియత్నాం యుద్ధం తప్పు అంటాడు. ఆర్చీ అతన్ని పేరు పెట్టి పిలవడు, మీట్‌హెడ్ (మొద్దుబుర్ర) అనే పిలుస్తాడు. మధ్యలో కూతురు గ్లోరియా, అందరికీ వడ్డిస్తూ పరిగెత్తే ఆర్చీ భార్య ఈడిత్. భోజనాల దగ్గర మొదలయ్యే రాజకీయం పడుకునేదాకా ఆగదు. ఎలక్షన్ల టైంలో మా పెదనాన్న, మా బావ ఒకే రూములో ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నాకీ షో అంటే పిచ్చి. 1971 జనవరి 12న సీబీఎస్ ఛానల్లో మొదలైంది, మొదటిరోజు ఛానల్ వాళ్ళు భయపడి ముందు ఒక హెచ్చరిక కూడా వేశారు. తర్వాత వరసగా ఐదు సీజన్లు అమెరికాలో నంబర్ వన్. ఆర్చీ, ఈడిత్ కూర్చునే కుర్చీలు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయంటే చూస్కోండి.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే ఈ షోలో వాదనే అసలు సరుకు, వీళ్ళు ఎగరగొట్టింది సరిగ్గా దాన్నే. డెబ్బైల్లో అరగంట స్లాట్లో యాడ్స్ తక్కువ ఉండేవి కాబట్టి ఎపిసోడ్ దాదాపు 25 నిమిషాలు ఉంటుంది. తర్వాత రోజుల్లో లోకల్ ఛానళ్ళకి రీరన్లు అమ్మినప్పుడు యాడ్స్‌కి చోటు కావాలి కదా, 22 నిమిషాల దాకా తెగ్గోస్తారు. జోకులు చిన్నచిన్నగా ఉంటాయి, తీస్తే తెలిసిపోతుంది, అందుకని ఎక్కువసేపు మాట్లాడుకునే సీన్ల మీదే కత్తెర పడుతుంది. నాకు వచ్చిన సెట్ మొత్తం ఆ బాపతే. టైటిల్ పాట చూడండి, ఆర్చీ ఈడిత్ పియానో దగ్గర కూర్చుని పాడతారే అది, అందులో లసాల్ కారు గురించి ఒక లైను ఉంటుంది, జనాలకి ఆ మాట అర్థం కాక ఛానల్‌కి ఉత్తరాలు రాస్తే మళ్ళీ స్పష్టంగా పాడి రికార్డు చేశారు. నా డిస్కుల్లో ఆ లైను దాకా పాట వెళ్ళదు, రెండు ముక్కలు పాడగానే టక్కున కథలోకి దూకేస్తుంది. చివర్లో లైవ్ ఆడియన్స్ ముందు టేపు మీద రికార్డు చేశాం అని మైక్ వేషం వేసిన రాబ్ రైనర్ గొంతు వినపడాలి, నా కాపీలో అక్కడ పేర్లన్నీ ఒక మూలకి నొక్కేసి పక్కన ఏదో ఛానల్ వాళ్ళ తర్వాతి ప్రోగ్రాం ప్రకటన! కింద కుడివైపు మూల లోగోని మసకగా చేసి చెరిపారు గానీ ఆర్చీ ఆ పక్కకి వచ్చినప్పుడల్లా భుజం మీద తెల్లటి మరక తేలుతుంది.

నాకు బాగా మండింది మాత్రం 7వ సీజన్లో క్రిస్మస్ ఎపిసోడ్ దగ్గర. 1976 డిసెంబర్ 25నే వేశారు దాన్ని. వియత్నాంకి పోకుండా కెనడా పారిపోయిన మైక్ ఫ్రెండ్ డేవిడ్ భోజనానికి వస్తాడు, అదే టేబుల్ దగ్గర ఆర్చీ పిలిచిన ఫ్రెండ్ పింకీ ఉంటాడు, ఆయన కొడుకు అదే యుద్ధంలో పోయాడు. ఈ కుర్రాడు పారిపోయి వచ్చినవాడని తెలిశాక ఆర్చీ గొంతు చించుకుంటాడు, మైక్ తగ్గడు, ఆ తర్వాత పింకీ, మావాడు కూడా ఆ యుద్ధాన్ని ఇష్టపడలేదు, ఉంటే ఈ అబ్బాయితో కలిసి భోంచేసేవాడు అనే అర్థం వచ్చేలా చెప్పి డేవిడ్‌కి చెయ్యిస్తాడు. ఆర్చీకి ఏం చెయ్యాలో తోచదు. (ఇది వేసిన నెల తిరక్కుండానే, 1977 జనవరి 21న కొత్త అధ్యక్షుడు కార్టర్ ఇలా పారిపోయినవాళ్ళందరికీ క్షమాభిక్ష ఇచ్చాడు, అంటే దేశమంతా అప్పుడు ఇదే గొడవ.) నా కాపీలో ఆర్చీ లేచి అరవడం మొదలుపెట్టగానే తెర నల్లగా అయిపోయి, మళ్ళీ వచ్చేసరికి పింకీ చెయ్యి చాపి నిలబడ్డాడు. మధ్యలో మాటల్లేవు. మొదటిసారి చూసేవాళ్ళకి అసలేం జరిగిందో అర్థం కాదు, ఎందుకు చేతులు కలుపుతున్నారో తెలీదు. నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్ వచ్చే ఎపిసోడ్ అయితే, ఆఖర్లో ఫొటో తీసేటప్పుడు ఆయన ఆర్చీ బుగ్గ మీద ముద్దు పెడతాడు, జనం ఆపకుండా నవ్వుతూనే ఉంటారు, ఆ నవ్వుని సగంలో నరికేశారు. 8వ సీజన్లో ఈడిత్ 50వ పుట్టినరోజుది ఒక గంట ఎపిసోడ్, చాలా సీరియస్ కథ, దాన్ని రెండు ముక్కలు చేశారు, రెండో ముక్క నా సెట్లో లేనే లేదు.

ఇప్పుడు కొనేముందు ఏం చూడాలో చెప్తా. అసలైన కంప్లీట్ సెట్ షౌట్ ఫ్యాక్టరీ వాళ్ళు 2012లో తెచ్చింది, 28 డిస్కులు, 208 ఎపిసోడ్లు. అంటే డిస్కుకి ఏడెనిమిది పడతాయి. నాకు వచ్చినవి 12 డిస్కులు, లెక్కేస్కోండి, ఒక్కోదాన్లో పదిహేడు దాకా కుక్కారు, అందుకే ఎవరైనా లేచి నడిస్తే బొమ్మ గళ్ళుగళ్ళుగా పగులుతోంది. లిస్టింగ్‌లో డిస్కుల సంఖ్య రాయకుండా 9 సీజన్లు అని మాత్రం రాస్తే సెల్లర్‌ని అడగండి, జవాబు తిప్పితిప్పి ఇస్తే వదిలెయ్యండి. ఒరిజినల్లో ఇంకోటి ఉంటుంది, సీబీఎస్ కంటే ముందు ఏబీసీ అనే ఇంకో ఛానల్ కోసం తీసి వాళ్ళు వద్దన్న రెండు పైలట్లు (శాంపిల్ ఎపిసోడ్లు), 1968లో ఒకటి 1969లో ఒకటి, ఆర్చీ ఈడిత్‌లుగా క్యారొల్ ఓకానర్, జీన్ స్టేపుల్టనే ఉంటారు కానీ కూతురు అల్లుడు వేరే నటులు. టీవీలోంచి ఎత్తుకొచ్చినవాళ్ళ దగ్గర ఇవి ఉండే ఛాన్స్ తక్కువ. డిస్కు తిరగేసి చూడండి, కంపెనీలో అచ్చువేసినది వెండి రంగులోనో కొంచెం బంగారు ఛాయలోనో ఉంటుంది, ఇంట్లో రాసినది వంకాయ రంగు కొడుతుంది. పై బొమ్మ తడి వేలితో రుద్దితే ఇంకు అంటుకుంది నాకు.

అన్ని దేశాల్లో ఆడుతుంది అని రాయడం చూసి చాలామంది ఇదేదో మంచిదే అనుకుంటారు, అక్కడే మోసం అండి. డీవీడీలకి ఏ ప్రాంతం ప్లేయర్లో ఆడాలో చెప్పే రీజియన్ నంబర్ ఉంటుంది, అధికారికంగా అమెరికాలో అమ్మే సెట్ రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. అసలుదైతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మామూలు ప్లేయర్లో పెడితే మొరాయిస్తుంది, అన్ని రీజియన్లవీ ఆడే మల్టీ రీజియన్ ప్లేయర్ ఉండాలి. కాబట్టి ఈ సెట్‌ని ఎవడైనా ఎక్కడైనా ఆడుతుంది అని అమ్ముతున్నాడంటే అది కాపీ అనే లెక్క. ఇంకా హెచ్‌డీ, 4కే అని పెట్టేవాళ్ళున్నారు, ఈ షోని తీసిందే ఆ కాలం వీడియో టేపు మీద, లేని వివరం ఎక్కడ్నుంచి పుట్టుకొస్తుంది? వైడ్ టీవీ నిండా బొమ్మ కనిపిస్తోందంటే పైనా కిందా కోసేశారనో పక్కలకి సాగదీశారనో అర్థం, కోసేస్తే ఈడిత్ నిలబడితే నుదురు పోతుంది. అలాగని ఒరిజినల్ తళతళా మెరిసిపోతుందని అనుకోకండి, అది కూడా కొంచెం మసగ్గానే ఉంటుంది, దాన్ని చూసి దొంగ సరుకు అనుకుని వెనక్కి పంపకండి.

రిటర్న్ కథ ఇంకో తలనొప్పి. మొదట సెల్లర్ మీ ప్లేయర్ ప్రాబ్లం అన్నాడు. ఫొటోలు పెడితే 20 శాతం వెనక్కిస్తా, రివ్యూ తీసెయ్ అన్నాడు. ఒప్పుకోలేదు. అప్పుడు సరే పంపించు, షిప్పింగ్ నీదే అని వేరే దేశం అడ్రస్ ఇచ్చాడు, పార్సిల్ ఖర్చు సెట్ ధర కంటే ఎక్కువ. సైట్ వాళ్ళని అడిగితే సీల్ తీసారు కదా అంటారు, సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది మహానుభావా అంటే కాపీ పేస్టు జవాబు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, కొంచెం డబ్బులు ఇస్తామంటే ఒప్పుకుని కంప్లైంట్ క్లోజ్ చెయ్యకండి, ఒకసారి క్లోజ్ అయితే మళ్ళీ తెరవనివ్వట్లేదు, వాడు లాగిలాగి టైం గడపడం కూడా అందుకే. సైట్లో మెసేజ్ బాక్స్‌లోనే మాట్లాడండి, వాట్సాప్‌కి రమ్మంటే పోవద్దు. పెట్టె, లేబుల్, బిల్లు అన్నీ దాచుకోండి.

నేను క్రెడిట్ కార్డు వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ వేశాను. బాగాలేదు అని రాయకుండా, రాసి అమ్మినదొకటి పంపినదొకటి అని రాశాను, లిస్టింగ్ స్క్రీన్‌షాట్, డిస్కుల అడుగువైపు ఫొటోలు, ప్లేయర్ మీద 22 నిమిషాలు కనపడే ఫొటోలు జత చేశాను. ఇంకా తేలలేదు. ఈలోపు చూడాలనుకునేవాళ్ళు మీ కౌంటీ లైబ్రరీ కేటలాగ్‌లో వెతకండి, సోనీ వాళ్ళు ఇదివరకు విడిగా వేసిన సీజన్ల డీవీడీలు చాలాచోట్ల ఉంటాయి, కాకపోతే అవి 6వ సీజన్ దాకానే. మీకెవరికైనా ఇలాంటి 12 డిస్కుల సెట్టే వచ్చుంటే డిస్కు అడుగువైపు ఒక ఫొటో, ఆ క్రిస్మస్ ఎపిసోడ్ ఎన్ని నిమిషాలుందో నాకు మెసేజ్ చెయ్యండి, మీ అడ్రస్ పేరు ఏమీ అక్కర్లేదు, డిస్ప్యూట్‌కి కలిపి పంపుతా.