'లా బెస్తియా దెబె మొరీర్' బ్లూరే: ఇబాన్యెస్ మెంతా కోసమైనా కొనొచ్చు

ఫ్లికర్ ఆలీ కంపెనీ 2021లో తెచ్చిన బ్లూరే ఇది. సినిమా 1952 నాటిది, అర్జెంటీనాది, బ్లాక్ అండ్ వైట్, దర్శకుడి పేరు రోమన్ విన్యోలీ బర్రేతో. పాత క్రైమ్ సినిమాలంటే పడిచచ్చేవాళ్లు ఎలాగూ కొంటారు. నేను కొన్నది మాత్రం హీరో నార్సిసో ఇబాన్యెస్ మెంతా కోసం.

ఈయన స్పెయిన్‌లో 1912లో నాటకాలవాళ్ల ఇంట్లో పుట్టి, బ్యూనస్ ఎయిర్స్‌లో పేరు తెచ్చుకున్నాడు. మేకప్ అంటే పిచ్చి, హాలీవుడ్ మూకీల నటుడు లాన్ చేనీ ఆయనకి ఆదర్శం. 1942లో 'ఉనా లుస్ ఎన్ లా వెంతానా'లో ముఖం ఎముకలు పెరిగిపోయే జబ్బున్న డాక్టర్‌గా వేశాడు, అర్జెంటీనాలో మొదటి హారర్ సినిమాగా దాన్నే చెబుతారు. అలాగని దెయ్యాల వేషాలకే పరిమితం కాలేదు. 1945లో పేద పిల్లలకు బడులు పెట్టిన విలియం మోరిస్‌గా, 1949లో కవి అల్మాఫుయెర్తెగా కూడా చేశాడు. ఈ రెండూ ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఎంత వెతికినా నాకు దొరకలేదు, అదొక్కటే కడుపుమంట.

ఈ డిస్క్‌లో ఆయన వికృతమైన వేషం లేకుండా కనిపిస్తాడు, అందుకే నాకు ఇంత నచ్చింది. కొడుకుని కారుతో గుద్ది చంపేసి పారిపోయినవాణ్ని వెతుక్కుంటూ వెళ్లే రచయిత పాత్ర. ఆ రాక్షసుడి ఇంట్లోకి, వాడి మరదలైన సినిమా నటి ద్వారా చేరతాడు. ఆ నటిగా వేసిన లౌరా ఇదాల్గో, ఈయన బయట కూడా కొంతకాలం భార్యాభర్తలే. సినిమా మొదట్లోనే విలన్ విషంతో చచ్చిపోతాడు కాబట్టి 'చంపుతాడా లేదా' అన్న టెన్షన్ పక్కకి పోయి, మనం ఆ తండ్రి ముఖాన్నే చూస్తూ కూర్చుంటాం. ఆ ఇంట్లో దెబ్బలు తింటూ బతికే చిన్న కుర్రాడితో ఉన్నప్పుడు చూడాలి, చచ్చిపోయిన కొడుకు మీది ప్రేమంతా వాడి మీదికి మళ్లుతుంటుంది, అయినా పగ మాత్రం తగ్గదు, ఈ రెండూ ఒకే చూపులో పెట్టాడు మహానుభావుడు! స్క్రిప్ట్‌లో కూడా ఆయన చెయ్యుంది. మూలం నికొలస్ బ్లేక్ నవల, తర్వాత 1969లో ఫ్రాన్స్‌లో దర్శకుడు షాబ్రోల్ కూడా దాన్ని సినిమాగా తీశాడు. నా ఓటు ఈ అర్జెంటీనా సినిమాకే.

అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ ఆర్కైవ్, పాత క్రైమ్ సినిమాల్ని కాపాడే ఫిల్మ్ నోయర్ ఫౌండేషన్ కలిసి చేసిన రెస్టొరేషన్ (పాత ప్రింటుని బాగుచేయడం) బాగుంది, అల్బెర్తో ఎచెబెహెరె కెమెరా పనితనం, ముఖ్యంగా ఆ నీడలు, చక్కగా తెలుస్తాయి. నటన కొన్నిచోట్ల నాటకంలా పైకి వెళ్తుంది, విలన్ మరీ అరుస్తాడు, అది ఆ కాలపు పద్ధతి అనుకుని సర్దుకోవాలి. నాకు అమ్మిన సెల్లర్ మాత్రం కవర్ విరిగిపోయిన పెట్టె పంపాడు, ఫోన్ చేస్తే పలకడు, డిస్క్‌కి ఏమీ కాలేదు కాబట్టి వదిలేశాను.

దీని తర్వాత చూడాలంటే 1960 నాటి 'ఓబ్రాస్ మాయెస్త్రాస్ దెల్ తెరోర్'. ఎడ్గార్ అలెన్ పో కథలు మూడు, మూడింట్లోనూ ఈయనే, స్క్రిప్ట్‌లో ఆయన కొడుకు చెయ్యుంది. కొనేముందు ఒకటి చూసుకోండి: అమెరికాలో 1965లో విడుదల చేసిన వెర్షన్‌లో ఒక కథ తీసేశారు, మూడూ ఉన్నదే తీసుకోండి.