దగ్గితే మూత్రం జారుతుంటే: కీగెల్ వ్యాయామమా, స్లింగ్ ఆపరేషనా?

గుంటూరు మిర్చి యార్డులో ఘాటుకు తుమ్మినా, బెజవాడ కొండ మెట్లెక్కుతూ దగ్గినా చీర తడుస్తోందంటే అది పొట్టలో ఒత్తిడి పెరిగి జారే మూత్రం. బాత్రూమ్‌కు చేరేలోపే ఆగకుండా పోయేది వేరు, దానికి స్లింగ్ (పట్టీ వేసే ఆపరేషన్) మందు కాదు.

కీగెల్ అంటే మూత్రసంచిని కింద నుంచి మోసే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం. దానికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. గ్యాసు ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించి, ఐదారు అంకెలు లెక్కపెట్టి, అంతసేపూ పూర్తిగా వదలాలి. పూటకు కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలు, 3 నెలలు. ఫలితం రాలేదనేవాళ్లలో చాలామంది ఊపిరి బిగబట్టి, తొడలు, పిరుదులు బిగిస్తారు, లేదా కిందికి ముక్కుతారు. ముక్కితే కండరం ఇంకా సాగుతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి: ఉబ్బితే తప్పు చేస్తున్నట్టే. మూత్రం పోస్తూ మాత్రం సాధన చేయకండి.

స్లింగ్ అంటే సుమారు సెంటీమీటరు వెడల్పు పాలీప్రొపిలీన్ పట్టీ. మూత్రనాళం మధ్యభాగం కింద ఊయలలా, వదులుగా వేస్తారు. బిగుతైతే మూత్రం బంధిస్తుంది. కొందరిలో పట్టీ యోని గోడను ఒరుసుకుని బయటపడుతుంది.

2013లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 460 మంది మహిళలను స్లింగ్ ఆపరేషన్ వైపు, ఈ కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ వైపు విడదీశారు, సమస్య మధ్యస్థం నుంచి తీవ్రం. ఏడాదికి మెరుగయ్యామన్నవారు ఆపరేషన్ వైపు 90.8 శాతం, ఫిజియోథెరపీ వైపు 64.4 శాతం. ఈ రెండో అంకెను జాగ్రత్తగా చదవాలి: ఆ వైపువారిలో 49 శాతం మధ్యలో ఆపరేషన్‌కు మారారు, వాళ్లనూ అందులోనే లెక్కేశారు. దుష్ఫలితాలు మాత్రం ఆపరేషన్ అయినవారిలోనే కనిపించాయి.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు, అప్పుడప్పుడే తడిసేవాళ్లు ముందు వ్యాయామమే చేయాలి. సరిగ్గా 3 నెలలు చేసినా రోజూ ప్యాడ్ తప్పకపోతే స్లింగ్ గురించి డాక్టరమ్మను అడగండి.