ట్రాకర్ సాఫ్ట్‌వేర్: ఆరేళ్లు వాడాక చెప్తున్నా

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ట్రాకర్ వాడబట్టి ఆరేళ్లయింది. డగ్లస్ బ్రౌన్ గారు తయారుచేసింది, పూర్తిగా ఫ్రీ. ఫోన్‌లో తీసిన వీడియో అందులో వేసి ఒక్కో ఫ్రేమ్‌లో బంతి మీద క్లిక్ చేసుకుంటూ పోతే గ్రాఫ్ అదే గీసేస్తుంది.

పదో తరగతిలో వర్గ సమీకరణం అంటే మూలాలు కనుక్కోవడం, మార్కులు తెచ్చుకోవడం, అంతే అనుకుని వస్తారు పిల్లలు. అందుకే ముందు వాళ్లచేతే టెన్నిస్ బంతి పైనుంచి వదిలించి వీడియో తీయిస్తా. సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి మూడేసి ఫ్రేములకి ఒకసారి చూస్తే సెకనులో పదో వంతు, ఆ ఒక్కో వంతులో బంతి పడిన దూరాలు, అంటే గ్యాపులు, వరసగా 4.9, 14.7, 24.5, 34.3 సెంటీమీటర్లు రావాలి, ఇంచుమించు అలాగే వస్తాయి. పక్కపక్క గ్యాపుల మధ్య తేడా తీయండ్రా అంటే ప్రతిసారీ 9.8 దగ్గరే తిరుగుతుంది! గెలీలియో వాలు పలక మీద గుండ్లు దొర్లించి, నీళ్ల గడియారంతో టైం చూసి పట్టుకున్న 1, 3, 5, 7 వరస ఇదే కదా. ఆ తేడా మారకపోవడమే టీ స్క్వేర్ (టైం వర్గం) అంటే, అది ఒకసారి కళ్లతో చూశాక ఇక మర్చిపోరు.

తర్వాత బంతి ఏటవాలుగా విసిరితే టైంతో గీసిన గ్రాఫ్‌లో అడ్డంగా వెళ్లిన దూరం సరళరేఖ, ఎత్తు మాత్రం పరావలయం. పారబోలా ఫిట్ కొడితే ఆ గ్రాఫ్‌కి సరిపోయే ఏ టీ స్క్వేర్ ప్లస్ బీ టీ ప్లస్ సీ వెతికి ఏ, బీ, సీ మూడూ ఇస్తుంది. సీ అంటే టైం సున్నా దగ్గర బంతి ఎత్తు, బీ అంటే అప్పుడు పైకి ఉన్న వేగం, ఏ అంటే గురుత్వ త్వరణంలో సగం, మైనస్ గుర్తుతో. మొన్న మా వాళ్లకి ఏ మైనస్ 4.87 వచ్చింది, రెట్టింపు చేస్తే 9.74, పుస్తకంలో ఉన్న 9.8కి దగ్గరే, క్లాసంతా ఒకటే అరుపులు.

జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మొదట్లో సాఫ్ట్‌వేర్‌కి కొలత చూపించే మీటరు స్కేలు గోడకి ఆనించి పెట్టాను, బంతేమో గోడకి మీటరు ముందు పడింది, కెమెరా గోడకి నాలుగు మీటర్లలో ఉంది, 9.8 రావాల్సిన జవాబు 13 వచ్చింది, రెండు రోజులు తల పట్టుకున్నాను. స్కేలు బంతి పడే చోటే ఉండాలి. స్లో మోషన్‌లో తీస్తే అసలు ఫ్రేమ్ రేటు మనమే ఇవ్వాలి, 240తో తీసింది 30 అనుకుంటే టైం ఎనిమిది రెట్లవుతుంది, జవాబు 64 రెట్లు తగ్గి 0.15 వస్తుంది. ఇక్కడా స్క్వేరే.

షటిల్ కాక్‌తో మాత్రం ఫిట్ కుదరదు, గాలి ఆపేస్తుంది కాబట్టి దిగే వైపు బాగా నిటారుగా ఉంటుంది, అది కూడా ఒకసారి తప్పకుండా చూపించండి. బంతిని తనే వెతికి పట్టుకునే ఆటోట్రాకర్ వాడేవాళ్లు పసుపు బంతి, ముదురు రంగు గోడ పెట్టుకోండి, తెల్ల గోడ ముందు తెల్ల బంతి అయితే సగంలోనే వదిలేస్తుంది.