అన్నం మెత్తితేనే పలికే డోలు: వియత్నాం ట్రోంగ్ కమ్

మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద పెట్టడం అలవాటున్నవాళ్లకి ట్రోంగ్ కమ్‌ని కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. వియత్నామీ భాషలో ట్రోంగ్ అంటే డోలు, కమ్ అంటే అన్నం. ఉడికిన అన్నం మెదిపి రెండు వైపులా తోలు మూతల మధ్యభాగంలో మెత్తితేనే దీనికి శ్రుతి. మెత్తకుండా కొడితే ఖాళీ డబ్బా మోత.

ఒకే దుంగని తొలిచిన, నడుమ కాస్త ఉబ్బి చివర్లు సన్నబడిన కట్టె. పొడవు సుమారు 55–60 సెంటీమీటర్లు, మూతల వెడల్పు 15 పైచిలుకు. మెడకి పట్టీ తగిలించుకుని రెండు చేతులతో వాయిస్తారు. మంద్ర స్వరం పలికే మూతని 'థో' (మట్టి) అనీ, తారస్వరం పలికేదాన్ని 'కిమ్' (లోహం) అనీ అంటారు. రెంటి మధ్యా తేడా పంచమం, అంటే మన స–ప. ఇది చంపా (ఇప్పటి మధ్య, దక్షిణ వియత్నాంలో ఉండిన పాత రాజ్యం) నుంచి వచ్చిన వాయిద్యమనీ, మూత నడుమ అన్నం నూరి అంటిస్తే నాదం స్వచ్ఛంగా వస్తుందనీ 14వ శతాబ్దంలోనే వియత్నాం చరిత్రకారుడు లె తాక్ రాశాడు. చంపా మీద భారతదేశపు ముద్ర ఎంతటిదో తెలిసిందే. మృదంగంతో పోలిక ఊరికే తట్టేది కాదు.

అసలు కిటుకంతా ముద్దలో ఉంది. అక్కడ జిగురు బియ్యం వాడతారు. మన పాత సోనామసూరి పొడిపొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండాలి. పూర్తిగా చల్లారాక బొటనవేలితో గింజ మిగలకుండా మెదపాలి. వేడిగా మెత్తితే ఆవిరికి తోలు సాగి శ్రుతి దిగిపోతుంది. మూతకి ఉసిరికాయంత ముద్దతో మొదలుపెట్టి, నడుమ గుండ్రంగా అద్ది అంచులు పలచగా దిద్దాలి. ముద్ద బరువు పెరిగేకొద్దీ స్వరం దిగుతుంది, అందుకే థో వైపు కాస్త ఎక్కువ పడుతుంది. ముందు తాళ్లు బిగించి దగ్గరికి తెచ్చుకోండి, ముద్దతో సరిచూసుకోవడం ఆ తర్వాత. ముద్దతోనే అంతా సర్దాలని చూస్తే థో మూత మూగబోతుంది. వాయిస్తూండగా ముద్ద ఆరి స్వరం పైకి జరిగితే తడి వేలు ఒక్కసారి రాస్తే చాలు. పగుళ్లిచ్చి జీర వస్తే మాత్రం తీసేసి కొత్తది పెట్టాల్సిందే. బొంబాయి రవ్వతో కూడా లాగించొచ్చు, మృదంగం తొప్పికి (ఎడమ మూతకి) కలిపినంత జారుగా మాత్రం వద్దు.

వాయించడం అయ్యాక ముద్దని గోటితో గీకొద్దు. తడిగుడ్డ రెండు నిమిషాలు వేసి నానబెట్టి తుడవాలి, నీడలో ఆరనివ్వాలి. మర్చిపోతే తెల్లారేసరికి చీమలు, వారానికి బూజు. ఎలుకలున్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు మొదట తాళ్లు లాగి చూడండి. బిగింపు నిజంగా తాళ్ల మీదే ఉండాలి. మూత అంచున మేకులు కొట్టి, పైన అందానికి తాడు చుట్టింది గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది, శ్రుతి మార్చలేం. మూతకి నిగనిగలాడే వార్నిష్ పూసి ఉన్నా వద్దు, దాని మీద ముద్ద పట్టదు. కట్టె లోపలికి ఫోన్ లైటు వేసి చూడలేం కాబట్టి చెవిని నమ్ముకోవాలి. నడుమ ఉబ్బు మీద వేలి కణుపుతో చుట్టూ తట్టండి. ఒకచోట ఖంగుమని, ఒకచోట మొద్దుగా వినిపిస్తే పగులో అతుకో ఉన్నట్టు.

హనోయ్ చెమ్మలో బిగించిన డోలు మే నెల హైదరాబాదుకి వస్తే తోలు పట్టేసి స్వరం ఒకటి రెండు మెట్లు ఎక్కుతుంది, కట్టె నెర్రెలిచ్చే ప్రమాదమూ ఉంది. ప్రయాణానికి ముందే తాళ్లు సగం వదులు చేయించండి. వచ్చాక వారం రోజులు గుడ్డ చుట్టి ఉంచి, రోజుకి కొంచెం చొప్పున బిగించండి.

ఇక నాదం. మృదంగం కుడి మూత మీదుండే నల్లటి కరణి దీనికి లేదు కాబట్టి చాపు, మీటులాంటి దెబ్బలు ఆశించొద్దు. మృదంగం కుడి వైపు గలగల ఇందులో వినబడదు. దీని అందం గుండ్రంగా, కాస్త ముక్కుతో పలికినట్టుండే రెండు స్వరాల మాటామంతీలో ఉంది. 'చెయో' అనే ఉత్తర వియత్నాం జానపద నాటకాల్లో, అంత్యక్రియల మేళాల్లో దీన్ని వాడేది అందుకే. కచేరీలో మృదంగం పక్కన పెడితే మునిగిపోతుంది. వేణువుతోనో ఒంటి గొంతుతోనో అయితే చక్కగా నిలబడుతుంది. మృదంగం చేయి ఉన్నవాళ్లకి నాలుగైదు రోజుల్లో లొంగుతుంది. ఏ డోలూ ముట్టనివాళ్లు దీనితో మొదలుపెట్టకపోవడమే మేలు: తప్పు చేతిదో ముద్దదో మొదటి నెలంతా తేలదు.