డాడ్జర్ స్టేడియంలో శుక్రవారం బాణసంచా రాత్రి: ఆట బంగారం, బస దండగ

లాస్ ఏంజెలెస్‌లో మీ చేతిలో ఒక్క సాయంత్రమే ఉండి, అది శుక్రవారమై, ఊళ్లో బాణసంచా ఉన్న డాడ్జర్స్ జట్టు మ్యాచ్ ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా అక్కడికే వెళ్లండి. బేస్‌బాల్ ఓనమాలు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆట అయ్యాక బాణసంచా చూడటానికి ప్రేక్షకుల్ని మైదానంలోకే రానిస్తారు. టీవీలో చూసే ఆ పచ్చికమీద మనం నిలబడి ఆకాశంకేసి చూడొచ్చు. ఖరీదైన సీట్లవాళ్లే కాదు, అందరికన్నా పైన టాప్ డెక్‌లో కూర్చున్న మాలాంటివాళ్లూ వెళ్లొచ్చు.

మేం దిగిన మోటెల్ గురించి మాత్రం ఒక్క మంచి మాట చెప్పలేను. ముందు ఆ సంగతి చెప్పేస్తే నా కడుపుమంట చల్లారుతుంది.

నాతో వచ్చినవాడు నా చిన్ననాటి స్నేహితుడు, కర్నూలువాడు. ఆఫీసు పనిమీద హైదరాబాద్ నుంచి శాన్ హోజే వచ్చాడు. తెల్లవారుజామున కారులో బయల్దేరి మధ్యాహ్నానికి లాస్ ఏంజెలెస్ చేరాం, దారిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. డౌన్‌టౌన్‌లో మోటెల్ పన్నులతో కలిపి 138 డాలర్లకి ముందే బుక్ చేశాను. పార్కింగ్ ఉచితం అని రాసి ఉంది. తీరా కౌంటర్ దగ్గరికెళ్తే కారుకి 30 డాలర్లు వేరే అన్నారు, డిపాజిట్ కింద ఇంకో 200 కార్డుమీద పట్టి ఉంచుతామన్నారు. "ఉచితం అని రాశారు కదా" అంటే, అది ముందొచ్చినవాళ్లకేనట. ఆ మాట చెప్పేటప్పుడైనా కౌంటర్‌లో ఉన్నతను ఫోన్‌మీంచి తల ఎత్తలేదు.

గది తలుపు తీయగానే గుప్పున సిగరెట్ వాసన. దుప్పటి అంచున బఠాణీగింజంత కాలిన చిల్లు ఉంది, దాని చుట్టూ గుడ్డ గోధుమరంగుకి తిరిగి గట్టిపడిపోయింది. గది మార్చమని అడిగితే ఖాళీల్లేవన్నారు. మావాడు ఏమనుకున్నాడో ఏమో, ఆ చిల్లుని, కిటికీ పట్టెలమీది బూడిదని వెంటనే ఫోటోలు తీశాడు. మర్నాడు తాళం ఇచ్చేసి వచ్చేశాం. ఆ తర్వాత కార్డు చూసుకుంటే డిపాజిట్ మొత్తం, 200 డాలర్లూ, పొగ తాగినందుకు జరిమానా అని పట్టేశారు! మావాడికి చెబితే మండిపడ్డాడు. "మా ఇంట్లో తాతల కాలం నుంచి బీడీ ముట్టినోడు లేడురా" అని ఫోన్‌లో అరిచాడు. మేం గదిలో అడుగుపెట్టిన సమయం ఆ ఫోటోల్లో ఉంది కాబట్టి కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వచ్చింది. ఏ ఊళ్లో దిగినా సరే, సామాను దించకముందే గది మొత్తం ఫోటోలు తీసుకోండి. బాత్రూమ్‌తో సహా.

అలా గది చూసి చిరాకుపడ్డ మనిషిని స్టేడియానికి తీసుకెళ్లాను. "క్రికెట్ వదిలిపెట్టి ఇదేందిరా" అని వాడి సణుగుడు. కారు మోటెల్‌లోనే వదిలి యూనియన్ స్టేషన్‌కి వెళ్లాం. అక్కణ్నుంచి మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకి డాడ్జర్ స్టేడియం ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం. కొండమీదికి కార్లన్నీ నత్తనడకన ఎక్కుతుంటే బస్సు తనకంటూ ఉన్న వరసలో ముందుకెళ్లింది. వాడి మొహంలో మొదటి నవ్వు అక్కడే చూశాను.

రెండో నవ్వు గేటు దగ్గర. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు, సంచీ మాత్రం లోపలిదంతా కనబడే ప్లాస్టిక్‌ది అయి ఉండాలి. మూత తీయని నీళ్ల సీసా కూడా తెచ్చుకోవచ్చు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాని సెక్యూరిటీ ఆమె సంచీ పైనుంచే అటూ ఇటూ తిప్పి చూసి, చిరునవ్వుతో పంపించింది. మన దగ్గర క్రికెట్ మ్యాచ్‌కి వెళ్తే గేటు దగ్గర నీళ్ల సీసా కూడా లాగేసుకుని, లోపల నాలుగింతల ధరకి అమ్ముతారు. వేలు పోసి టికెట్ కొన్నవాణ్ని దొంగలా చూడటం ఎప్పుడు మానతారో! లోపల డాడ్జర్ డాగ్ అనే ప్రసిద్ధమైన హాట్‌డాగ్ (బన్నులో పెట్టిన సాసేజ్) అమ్ముతారు గానీ, ఏ మాంసమో కనుక్కుని తినండి. కాల్చి మసాలా, చీజ్ పూసిన మొక్కజొన్న మాత్రం తప్పక తినాల్సిందే.

టికెట్ ఫీజులతో కలిపి ఒక్కొక్కటి 43 డాలర్లు. కొనేటప్పుడు మూడో బేస్ వైపు, అంటే బ్యాటర్ వెనకనుంచి చూస్తే ఎడమవైపు, తీసుకోండి, అటు నీడ ముందుగా వస్తుంది. మొదటి బేస్ వైపు కూర్చుంటే సాయంత్రపు ఎండ మొహాన కొడుతుంది. ఎంత పైన కూర్చున్నా మైదానమంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఎదురుగా తాటిచెట్లు, వాటి వెనక శాన్ గేబ్రియెల్ కొండలు. చీకటి పడ్డాక చలి మొదలవుతుంది, స్వెటర్ మరిచిపోతే అక్కడి దుకాణంలో కొనాల్సి వస్తుంది, వాటి ధరలు చూస్తే చలే నయమనిపిస్తుంది.

ఆట 7:10కి మొదలైంది. 2023లో పిచ్ క్లాక్ అనే గడియారం పెట్టినప్పటి నుంచి సాగదీత తగ్గింది. బేసులు, అంటే పరుగు తీసేవాళ్లు ఆగే చోట్లు, ఖాళీగా ఉంటే పిచర్ (మన బౌలర్ లాంటివాడు) 15 సెకన్లలో బంతి విసరాలి. "మన టెస్టుల్లో ఓవర్ రేట్‌కి ఇట్లాంటిది గట్టిగా పెట్టాల" అన్నాడు మావాడు. పదేళ్లకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ బ్యాటింగ్‌కి రాగానే స్టేడియమంతా లేచి నిలబడింది, మావాడూ లేచాడు. ఆ రాత్రి అతను హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టలేదు గానీ, ఆ లేవడం చూడాల్సిందే.

ఈ స్టేడియం 1962లో తెరిచారు. ఇప్పుడున్న మేజర్ లీగ్ బేస్‌బాల్ మైదానాల్లో ఇంతకన్నా పాతవి బోస్టన్, షికాగోల్లో ఉన్న రెండే. దీనికింద ఇంకో కథ ఉంది. చావెజ్ రవీన్ అనే ఈ లోయలో మెక్సికన్ కుటుంబాల మూడు పేటలుండేవి. ప్రభుత్వ ఇళ్లు కడతామని 1950ల మొదట్లో వాళ్లని ఖాళీ చేయించారు. ఆ ఇళ్లు కట్టనేలేదు. చివరి కుటుంబాల్ని 1959లో పోలీసులు మోసుకుంటూ బయటికి లాక్కొచ్చారు. ఇది చెప్పగానే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి మేనమామల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. "వాళ్లకి పరిహారమన్నా సరిగ్గా ఇచ్చినారా?" అని అడిగాడు. అన్యాయమే జరిగిందని చెప్పాను. అక్కడికి వెళ్లేవాళ్లందరూ ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

చివరి అవుట్ పడగానే జనం మెట్ల వైపు కదిలారు. మీరు ఆలస్యం చేయొద్దు, మైదానం నిండితే ఆపేస్తారు. బాణసంచా వెలుపలి గోడ వెనకనుంచి కాలుస్తారు కాబట్టి అటు కూర్చున్న వాళ్లని ముందు దింపుతారు. మేం మెట్లన్నీ దిగి, ఇటుకపొడి రంగు మట్టి దాటి పచ్చికలో కాలుపెట్టాం. గడ్డి దగ్గరగా, తివాచీలా కత్తిరించి ఉంది, కింద నేల మెత్తగా అణుగుతోంది. జిల్లా స్థాయిలో క్రికెట్ ఆడినవాడు మావాడు. వంగి గడ్డిమీద అరచెయ్యి పెట్టి రెండువైపులా నిమిరాడు. తర్వాత సెంటర్ గోడమీద 395 అడుగులు అని రాసి ఉన్నచోట వీపు ఆనించి, బ్యాటర్ నిలబడే చోటుకేసి చూశాడు. "120 మీటర్లురా! ఇక్కడిదాకా గాల్లో రావాల్నా?" అప్పటిదాకా ఈ ఆటని తేలిగ్గా చూసినవాడు మరి మాట్లాడలేదు.

దీపాలు ఆర్పేశారు. ఎనభైల నాటి ఇంగ్లిష్ పాటలకి తగ్గట్టు బాణసంచా పేలడం మొదలైంది. చుట్టూ జనం గడ్డిమీద వెల్లకిలా పడుకున్నారు. మా పక్కన ఒక పెద్దాయన మనవణ్ని భుజాలమీద ఎక్కించుకుని పాట పాడుతున్నాడు. ప్రతి పేలుడూ ఛాతీకి తగిలింది. పొగ మామీదికి దిగుతుంటే ఇద్దరం తలలెత్తి అలాగే నిలబడిపోయాం.

తిరుగు బస్సులు బాణసంచా అయ్యాక ఎక్కువసేపు ఉండవు, ఫోటోల కోసం ఆగొద్దు. ఇంకోసారి వెళ్తే నేను డౌన్‌టౌన్‌లో దిగను. పసడీనాలో 'A' లైన్ మెట్రో స్టేషన్ పక్కన గది తీసుకుంటాను. అక్కణ్నుంచి యూనియన్ స్టేషన్‌కి నేరుగా రైలుంది, టికెట్ 1.75 డాలర్లే.